అంకెలు మార్చండి, ఆనవాళ్లు చెరపకండి

ఆన్‌లైన్ ఫాంటసీ గేమ్‌ల డిజైనర్లకు, వాటి కథ రాసేవాళ్లకు, బ్యాలెన్స్ (ఏ పాత్రకి ఎంత బలం ఉండాలన్న లెక్క) చూసే బృందాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఆన్‌లైన్ ఫాంటసీ గేమ్‌లు చాలా ఏళ్లుగా ఆడుతున్నాను. మొదటినుంచీ హీలర్‌నే, అంటే జట్టులో గాయాలు మాన్పేవాణ్ణే. రైడ్‌లో (జట్టంతా కలిసి చేసే పెద్ద యుద్ధంలో) మిగతావాళ్లంతా బాస్‌ని, అంటే పెద్ద శత్రువుని చూస్తుంటే నేను స్క్రీన్ మూలన అందరి ప్రాణబలం చూపించే ఇరవై ఆకుపచ్చ గీతల్ని చూస్తూ కూర్చుంటాను. ఎవరి గీత తగ్గితే వాళ్ల వెంట పడతాను. ఆ పని నాకు ప్రాణం. ఈ ఉత్తరం నా స్కిల్ తీసేసిన ప్యాచ్ (గేమ్ అప్‌డేట్) వచ్చిన రోజే రాసి ఉంటే ఒట్టి తిట్లే రాసేవాణ్ణి. అందుకే కొన్ని నెలలు ఆగి, చల్లబడ్డాక రాస్తున్నాను.

నేను ఆడే ఒక గేమ్‌లో నా క్లాస్‌కి, అంటే నా పాత్ర రకానికి, ఒక స్కిల్ ఉండేది. గేమ్ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఆ ఒక్క గేమ్ సంగతి కాదు. జట్టులో ఎవరినైనా ఎంచుకుని ముడి వేసుకోవాలి. ఆ తర్వాత వాళ్లకి తగిలే దెబ్బలో సగం నాకు తగులుతుంది. దాని అసలు పేరు ఏదో పెద్దది, గిల్డ్‌లో (మా ఆటగాళ్ల సంఘంలో) మేమంతా 'ముడి' అనే అనేవాళ్లం. 'ముడి పడిందా?' 'పడింది, వెళ్లు.' టాంక్, అంటే దెబ్బలు కాచుకునేవాడు, ముందుకి దూకేవాడు. బాస్ గొడ్డలి అతని మీద పడగానే నా క్యారెక్టర్ కూడా ఒక్కసారి వంగిపోయేది, సగం గీత ఎర్రబడేది. నన్ను నేను నిలబెట్టుకుంటూ అతన్ని నిలబెట్టాలి. క్యారెక్టర్ ఎంచుకునే స్క్రీన్ మీద ఈ క్లాస్ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంటుంది: పక్కవాడి గాయాన్ని తన ఒంటి మీదికి తీసుకునేవాళ్లు. ఆ వాక్యం చదివే నేను ఈ క్లాస్ తీసుకున్నాను.

ప్యాచ్ రోజు లాగిన్ అయితే యాక్షన్ బార్‌లో మూడో గడి ఖాళీగా కనిపించింది. ప్యాచ్ నోట్స్ వెతికితే ఒక్క లైన్ దొరికింది. ఆ స్కిల్ తీసేశాం, బదులుగా చుట్టూ ఉన్నవాళ్లకి తగిలే దెబ్బను 12 శాతం తగ్గించే ఆరా ఇచ్చాం అని. ఎందుకు తీశారో రాయలేదు. ఆ రాత్రి రైడ్‌లో నా వేలు అలవాటుగా మూడో బటన్ మీదికే పోయింది. టాంక్ ఆగి అడిగాడు: 'అన్నా, ముడి?' నేను ఏం చెప్పాలో తెలియక 'లేదు, వెళ్లు' అన్నాను.

నిజం చెప్పాలంటే లెక్క ప్రకారం మాకు లాభమే జరిగింది. ఆరా అందరికీ పని చేస్తుంది, ముడి ఒక్కరికే పని చేసేది. ఆ వారం మా రైడ్ ఎప్పటికన్నా తొందరగా ముగిసింది. కాబట్టి 'బలం తగ్గింది' అని ఏడుస్తున్నాననుకోకండి. నాకు బలం పెరిగింది. అయినా ఆ రోజునుంచి నేను ఎవరినో నాకే తెలియడం లేదు.

మీరు ఎందుకు తీయాల్సి వచ్చిందో తర్వాత మాకు మేమే అర్థం చేసుకున్నాం. పై స్థాయి గిల్డ్‌లలో ముగ్గురు హీలర్లు గొలుసులా ఒకరికొకరు ముడి వేసుకునేవాళ్లు. దెబ్బ వాళ్ల మధ్యే తిరుగుతూ సగం, అందులో సగం, అందులో సగం అయి కరిగిపోయేది. ఎవరూ చచ్చేవాళ్లు కాదు. అది తప్పే, సరిచేయాల్సిందే. కానీ ముడిలో ఉన్నవాళ్లు ఇంకొకరికి ముడి వేయలేరని ఒక్క నియమం పెడితే గొలుసు తెగిపోయేది కదా. కోడ్ లోపల నాకు కనపడని చిక్కులు ఉండొచ్చు. ఉంటే ఆ మాటైనా చెప్పాల్సింది.

మా భాషలో ఏదైనా సహజమైన బలం పోతే కవచకుండలాలు పోయినట్టు అంటాం. ఈ మధ్య ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఇంకో కోణం కనపడుతోంది. కర్ణుడి కవచకుండలాలు తీయడం కూడా బ్యాలెన్స్ కోసమే. అవి ఒంటి మీద ఉన్నంతకాలం అతన్ని ఎవరూ పడగొట్టలేరు. అర్జునుడి పక్షాన అది భరించలేని లెక్క. అయితే అది ఎలా జరిగిందో చూడండి. సూర్యుడు ముందుగానే కలలో కనిపించి హెచ్చరించాడు. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి అడిగాడు. కర్ణుడు తెలిసే, తన చేత్తోనే కోసి ఇచ్చాడు. అందుకే వైకర్తనుడన్న పేరు వచ్చింది. బదులుగా శక్తి ఆయుధం దొరికింది, అదీ ఒక్కసారే వాడుకునేలా. దాన్ని అర్జునుడి కోసం దాచుకుంటే చివరికి ఘటోత్కచుడి మీద వాడాల్సి వచ్చింది. బలం తగ్గింది, కానీ ఆ తగ్గడంలోంచే దాతృత్వం, కొత్త పేరు, కొత్త ఆయుధం, ఆ ఆయుధం చుట్టూ యుద్ధంలో ఒక రాత్రంతా నడిచే ఉత్కంఠ పుట్టాయి. ఒక్క లైన్ ప్యాచ్ నోట్‌తో తీసేసి ఉంటే ఇవేవీ ఉండేవి కావు.

నేను అడుగుతున్నది ఇదే. తగ్గించాల్సి వస్తే తగ్గించండి. తీయక తప్పకపోతే తీయండి. కానీ ఆ క్లాస్ ఎవరో చెప్పే ఆనవాలు మాత్రం మిగల్చండి. మార్పుని ఆ లోకం మోయగలిగేలా చేయండి.

క్లాస్ అంటే మొదట ఏమిటో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పుడు మూడే క్లాసులు ఉండేవి. పోరాడేవాడు, మంత్రం వేసేవాడు, దేవుణ్ణి నమ్ముకున్న క్లెరిక్. దొంగ ఆ మరుసటి ఏడాది వచ్చి చేరాడు. టాంక్, హీలర్, డీపీఎస్ (సెకనుకి కొట్టే దెబ్బ, ఆ కొట్టే పని చేసేవాడు) అన్న మాటలు అప్పటికి లేవు. క్లాస్ అంటే ముందు ఒక మనిషి: వీడు దేన్ని నమ్ముతాడు, దేనికి భయపడతాడు, ఏ ఆయుధం ముట్టడు. క్లెరిక్ కత్తి పట్టకూడదన్నది ఒక నమ్మకం, అదే సమయంలో బ్యాలెన్స్ కూడా. మంచి కత్తులన్నీ పోరాడేవాడికి మిగలాలి కదా. ఒకే నియమం రెండు పనులు చేసింది. 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చేసరికి పాత్రల పంపకం గట్టిపడింది, స్ప్రెడ్‌షీట్‌లు వచ్చాయి. ఆటగాళ్లమే వాటిని తయారుచేశాం. ఆ విషయంలో మీ ఒక్కరినే తప్పు పట్టను.

క్లాస్, కథ, బ్యాలెన్స్ మూడూ కలిసి ఒకచోట నిలబడితే ఎలా ఉంటుందో నాకు తెలిసిన అన్నింటికన్నా మంచి ఉదాహరణ వార్‌క్రాఫ్ట్ తొలి రోజుల్లోది. ప్రీస్ట్‌లకి మాత్రమే ఒక క్వెస్ట్ (గేమ్ అప్పగించే పని) ఉండేది. మోల్టెన్ కోర్ రైడ్‌లో మేజర్‌డోమో అనే బాస్ పెట్టెలోంచి ఒక కన్ను దొరకాలి. బయట లోకంలో తిరిగే రాక్షసుల దగ్గర ఇంకో కన్ను దొరకాలి. ఒకటి వెలుగుది, ఒకటి నీడది. అవి దొరికాక తెగులు పట్టిన నేలలో ఎరిస్ అనే ఆత్మ దగ్గరికి వెళ్లాలి. ఆమె ఒక పరీక్ష పెడుతుంది. ఊరు వదిలి పారిపోతున్న పల్లెజనం గుంపులు గుంపులుగా వస్తారు. అస్థిపంజరాల్లాంటి విలుకాళ్లు పైనుంచి బాణాలు వేస్తుంటారు. కొందరికి తెగులు అంటుకుని ఉంటుంది, దాన్ని వదిలించకపోతే నడుస్తూ నడుస్తూనే పడిపోతారు. ప్రీస్ట్ ఒక్కరే, తోడు ఎవరూ రాకూడదు. 15 మంది చనిపోకముందే 50 మందిని దాటించాలి.

ఆ క్వెస్ట్‌లో శత్రువుని చంపడం గురించి ఆలోచించే తీరిక ఉండదు. వయసుమళ్లినవాణ్ణి ముందు చూడాలా, తెగులు పట్టినవాణ్ణి చూడాలా, ఇద్దరికీ మానా (మంత్రశక్తి) సరిపోదు కదా, ఎవరిని వదిలేయాలి? హీలర్ జీవితం మొత్తం ఆ కొన్ని నిమిషాల్లో ఉంది. గెలిస్తే రెండు కళ్లూ కలిసి ఒక కర్ర అవుతుంది. దాన్ని వెలుగు వైపు తిప్పితే బెనెడిక్షన్, నీడ వైపు తిప్పితే అనాథెమా. ఒకటి నయం చేయడానికి, ఇంకొకటి చంపడానికి. ప్రీస్ట్ అనే క్లాస్‌లోనే ఆ రెండూ ఉన్నాయి. ఆ కర్ర పట్టుకున్నవాణ్ణి పట్టణం నడిబొడ్డున చూస్తే దాని మీద అంకెలు ఎవరూ చూసేవాళ్లు కాదు. వీడు ఆ పరీక్ష దాటాడు అని చూసేవాళ్లు. వేటగాళ్లకి కూడా అలాంటిదే ఒకటి ఉండేది, మారువేషాల్లో తిరిగే నలుగురు రాక్షసుల్ని ఒంటరిగా ఓడిస్తే విల్లు దొరికేది. ఇప్పుడు చాలా గేమ్‌లలో మంచి ఆయుధం అంటే గుర్తుకొచ్చేది ఐటమ్ లెవెల్ అనే అంకె ఒక్కటే.

అలాగని కథ పేరు చెప్పి బ్యాలెన్స్‌ని తోసేయమనడం లేదు. ఒక మాట ఒప్పుకోవాలి. మా లోర్ (గేమ్ లోకపు కథ) అభిమానుల్లో కొందరు ఏ మార్పు వచ్చినా 'కథకి విరుద్ధం' అని గోల చేస్తారు. నేనూ చేశాను. వార్‌క్రాఫ్ట్‌లో మొదట పాలడిన్‌లు (వెలుగుని నమ్మిన యోధులు) అలయన్స్ పక్షానికి మాత్రమే, షామన్‌లు హోర్డ్ పక్షానికి మాత్రమే. కథాపరంగా ఎంతో అందమైన ఏర్పాటు. రైడ్‌కి వచ్చేసరికి మాత్రం పెద్ద తలనొప్పి. పాలడిన్ ఇచ్చే ఒక దీవెన వల్ల జట్టులో వాళ్ల థ్రెట్ 30 శాతం తగ్గేది. అంటే బాస్ కోపం వాళ్ల మీదికి మళ్లకుండానే ఇంకా గట్టిగా కొట్టగలరు. అటుపక్క షామన్ పాతే టోటెమ్‌ల (మంత్ర స్తంభాల) బలం వేరు. ఒకే బాస్‌ని రెండు పక్షాలకీ సమానంగా కష్టంగా తయారుచేయడం ఎలా? 2007లో బర్నింగ్ క్రూసేడ్ అనే ఎక్స్‌పాన్షన్‌తో (గేమ్‌కి చేర్చిన కొత్త భాగంతో) ఆ గోడ పడగొట్టారు. చాలామంది బాధపడ్డారు.

అప్పుడు మీ తోటివాళ్లు చేసిన పని చూడండి. హోర్డ్‌కి పాలడిన్‌లు కావాలంటే ఊరికే ఇచ్చేయలేదు. బ్లడ్ ఎల్ఫ్‌లు మురు అనే వెలుగు ప్రాణిని బంధించి, దాని శక్తిని పీల్చుకుని పాలడిన్‌లయ్యారు. అలయన్స్ పాలడిన్ ప్రార్థించి తెచ్చుకునేదాన్ని వీళ్లు దొంగిలించారు. ఇద్దరి చేతుల్లోనూ అదే వెలుగు, అవే స్కిల్స్, దాదాపు అవే అంకెలు. కానీ వీళ్ల వెలుగు చూస్తే ఒళ్లు జలదరించేది. ఆ మరుసటి ఏడాది సన్‌వెల్ అనే మాయా ఊట కథలో ఆ పాపం చుట్టూ తిరిగి, చివరికి ఆ ఊట మళ్లీ వెలిగింది. బ్యాలెన్స్ కోసం చేసిన మార్పు ఆ ఎక్స్‌పాన్షన్‌కే వెన్నెముకలాంటి కథ అయింది. ఇంద్రుడు వచ్చి అడగడం అంటే నా ఉద్దేశంలో ఇదే.

అదే గేమ్‌లో ఇంకో మార్పు ఉంది. అందులో కథ తప్పు లేదు, అయినా బాధ మిగిలింది. 2008లో వార్లాక్‌లకి (క్షుద్ర మాంత్రికుల క్లాస్‌కి) రాక్షసుడిగా మారిపోయే మెటమార్ఫసిస్ వచ్చింది. ఎనిమిదేళ్లు వాళ్లు దానితోనే బతికారు. 2016లో లీజియన్ అనే ఎక్స్‌పాన్షన్‌తో డీమన్ హంటర్ అనే కొత్త క్లాస్ వచ్చింది. ఆ రూపం అసలు ఇల్లిడాన్‌ది, ఇల్లిడాన్ మొదటి డీమన్ హంటర్, కాబట్టి లోర్ ప్రకారం దాని మీద హక్కు వాళ్లదే. రెండు క్లాసులకీ ఒకే రూపం ఉంటే ఎవరు ఎవరో తెలియదన్న వాదనా సమంజసమే. కానీ ఎనిమిదేళ్లు ఒక రూపంలో ఉన్నవాళ్ల చేతిలోంచి దాన్ని తీసి పక్కవాడికి ఇచ్చినప్పుడు, వాళ్ల లోపల జరిగినది ఏమిటో చెప్పే కథ ఒకటి కావాలి. ఆ శక్తి ఎందుకు వీడిపోయింది, వీడిపోతూ ఏం మిగిల్చింది? ఈ ప్రశ్నకి ఒక మంచి క్వెస్ట్ రాసి ఉంటే ఆ క్లాస్ వాళ్లు జీవితాంతం చెప్పుకునేవాళ్లు. అదే ఏడాది వేటగాళ్ల క్లాస్‌లో సర్వైవల్ అనే స్పెక్ (శాఖ) ఎంచుకున్న హంటర్లు విల్లు వదిలి ఈటె పట్టారు. దూరంనుంచి బాణం వేయడానికే ఆ స్పెక్ ఎంచుకున్నవాళ్లు ఒక్క ప్యాచ్‌తో బాస్ కాళ్ల దగ్గర నిలబడాల్సి వచ్చింది.

ఇక కథనీ అంకెలనీ బలవంతంగా కట్టేస్తే ఏమవుతుందో 2020లో వార్‌క్రాఫ్ట్ ఎక్స్‌పాన్షన్ షాడోలాండ్స్‌లో చూశాం. మరణానంతర లోకంలో నాలుగు కూటములు: కైరియన్, వెంథిర్, నైట్ ఫే, నెక్రోలార్డ్. మీ మనసుకి ఏది దగ్గరో అందులో చేరండి అన్నారు. నాకు ఆ మాట ఎంతో నచ్చింది. అయితే ఒక్కో కూటమికి ఒక్కో స్కిల్ ఇచ్చారు, ఒక్కో క్లాస్‌కి లెక్కల్లో ఒకటి మాత్రమే మేలైనదిగా తేలింది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారడం కష్టం చేశారు. దాంతో ప్రశ్న 'నేను ఎవరు?' నుంచి 'గైడ్‌లో ఏది రాశారు?' అయింది. అడవి ఆత్మలంటే ఇష్టమున్నవాళ్లు పిశాచాల కోటలో చేరారు, డీపీఎస్ కోసం. విడుదలకి ముందే, టెస్ట్ సర్వర్లమీదే ఆటగాళ్లు ఈ మాట మొత్తుకున్నారు. 2021 నవంబర్‌లో 9.1.5 ప్యాచ్‌తో స్వేచ్ఛగా మారే వీలు ఇచ్చారు. అప్పటికి దాదాపు ఏడాది గడిచిపోయింది. కథలో ఎంపిక బరువుగా ఉండాలంటే అంకెల్లో తేలికగా ఉండాలని నాకు దీన్నుంచి అర్థమైంది. ఎంపిక వల్ల జనం నన్ను పిలిచే తీరు మారనివ్వండి, తలుపులు తెరుచుకోనివ్వండి, కొన్ని మూసుకుపోనివ్వండి. రైడ్‌లో నా చోటు మాత్రం దానిమీద ఆధారపడకూడదు.

గేమ్ మొత్తాన్నే మార్చాల్సి వస్తే? దానికీ దారి చూపించినవాళ్లున్నారు. ఫైనల్ ఫాంటసీ 14 అనే గేమ్ 2010 సెప్టెంబర్‌లో వచ్చి ఘోరంగా దెబ్బతింది. ఆ ఏడాది చివర్లో నవోకి యోషిదా నిర్మాతగా, దర్శకుడిగా బాధ్యత తీసుకున్నారు. పాతదాన్ని మూసి మళ్లీ మొదటినుంచి కట్టాలని నిర్ణయించారు. సర్వర్లు ఆపేసి ఒక నోటీసు పెడితే సరిపోయేది. వాళ్లు అలా చేయలేదు. ఆకాశంలో ఎర్రటి చంద్రుడు నెలల తరబడి దగ్గరవుతూ వచ్చాడు. 2012 నవంబర్‌లో సర్వర్లు ఆగే రోజున అది బద్దలై, లోపలినుంచి బహామట్ అనే డ్రాగన్ బయటికి వచ్చి లోకాన్ని కాల్చేసింది. 2013 ఆగస్టులో కొత్త గేమ్ మొదలైనప్పుడు ఆ లోకంలో ఐదేళ్లు గడిచాయి. పాత వీరులు ఉన్నారని అందరికీ గుర్తుంది, వాళ్ల ముఖాలు మాత్రం ఎవరికీ గుర్తు రావు, వెలుగులో కలిసిపోయినట్టు ఉంటాయి. పాత గేమ్ ఆడినవాళ్లంటే ఆ వీరులే. యుద్ధ పద్ధతి, మ్యాపులు, స్కిల్స్ దాదాపు అన్నీ మారిపోయాయి. అంత పెద్ద మార్పునీ ఆటగాళ్లు భరించారు, ఎందుకంటే అది వాళ్ల జీవితంలో జరిగిన సంఘటన అయింది. దాని పక్కన నా మూడో గడి ఎంత చిన్న విషయం!

ఇప్పుడు మా అభిప్రాయాల సంగతి. మేం చెప్పేది వినడం మీకు ఎంత కష్టమో ఊహించగలను. ఒకడు నెర్ఫ్ చేయమంటాడు, అంటే బలం తగ్గించమంటాడు, ఆ నెర్ఫే తన ప్రాణం తీసిందని ఇంకొకడు ఏడుస్తాడు. ప్రతి క్లాస్ వాడికీ పక్క క్లాస్ బలంగానే కనపడుతుంది. అందుకని మా మాటలు పట్టించుకోవద్దనుకోకండి. రోగి వచ్చి ఫలానా మందు ఇవ్వమంటే డాక్టర్ అది ఇవ్వరు, అలాగని నొప్పి లేదని పంపించేయరు కూడా. 'ముడి బలం పెంచండి' అని మేం రాస్తే దాని అర్థం చాలాసార్లు 'ముడి వేసినప్పుడు నాకు ఏమీ అనిపించడం లేదు' అనే. అంకె పెంచితే ఆ బాధ తీరదు. దెబ్బ తగిలినప్పుడు వచ్చే శబ్దం మార్చినా తీరొచ్చు.

ఓట్లు పెట్టి నడిపించడం కూడా చూశాం. 2012 నవంబర్‌లో రూన్‌స్కేప్ అనే గేమ్ పోరాట పద్ధతిని మొత్తంగా మార్చేసింది, చాలామంది వెళ్లిపోయారు. 2013 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టి, 2007 ఆగస్టు నాటి బ్యాకప్ ఆధారంగా ఓల్డ్ స్కూల్ సర్వర్లు తెరిచారు. ఆ తర్వాత కొత్తది ఏది చేర్చాలన్నా ఆటగాళ్ల ఓటు కావాలి, మొదట్లో 75 శాతం. ఆ పద్ధతిని నేను గౌరవిస్తాను. అది గేమ్‌ని బతికించింది. కానీ క్లాసుల విషయంలో ఓటు ఒక్కటే చాలదని నా అభిప్రాయం. తక్కువమంది ఆడే క్లాస్ ఎప్పటికీ గెలవదు. నా క్లాస్‌ని మా గిల్డ్‌లో ఇద్దరమే ఆడేవాళ్లం. మిగతా ముప్పైమందీ ఆరాకే ఓటేసేవాళ్లు, వాళ్ల తప్పేమీ లేదు.

పీవీపీ (ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడటం) గురించి పెద్దగా చెప్పను. అక్కడ కోసం ఒక స్కిల్‌ని కోసి, రైడ్‌లో కూడా అదే కోత పెట్టడం మాత్రం మానండి. రెండు చోట్లా వేరు వేరు అంకెలు పెట్టడం ఎన్నో గేమ్‌లలో జరుగుతూనే ఉంది.

ఇంకొక్క విషయం, ఇది మీకన్నా మాకే ఎక్కువ వర్తిస్తుంది. రెండు క్లాసుల మధ్య తేడా నూటికి మూడు పాళ్లు ఉందనుకుందాం. ఆరు నిమిషాల యుద్ధంలో ఒక్కసారి నేల మీద మంటలోంచి ఆలస్యంగా తప్పుకుంటే ఆ మూడు పాళ్లూ పోతాయి. కానీ ఎవరో టీర్ లిస్ట్ వేస్తారు, 'ఎస్' పైనుంచి కిందికి క్లాసులకి గ్రేడులు ఇచ్చే జాబితా. ఆ మూడు పాళ్లు 'ఎస్' గడికీ 'సి' గడికీ మధ్య దూరం అవుతాయి. 'సి' గడిలో ఉన్నవాణ్ణి గ్రూపులోకి తీసుకోరు. మా గిల్డ్‌లో ఒక మిత్రుడు ఆరేళ్లు ఒకే క్యారెక్టర్ ఆడాడు. ఒక వారం రైడ్ లీడర్ 'ఈసారికి వేరే క్యారెక్టర్ మీద రా, నీ క్లాస్ వద్దు' అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మిత్రుడు సరే అన్నాడు. మూడు వారాలు వచ్చాడు, ఆ తర్వాత లాగిన్ అవడం మానేశాడు. రైడ్ లీడర్‌ని నేను తిట్టలేను, అతని మీదా ఒత్తిడి ఉంది. మీరు చేయగలిగింది ఒకటుంది. ప్రతి క్లాస్‌కీ అది లేకపోతే కథలో గానీ యుద్ధంలో గానీ వెలితి తెలిసే ఒక పని ఇవ్వండి. తప్పనిసరి చేయమనడం లేదు. ఉంటే ఆ రాత్రి వేరేగా నడిచేలా ఉంటే చాలు. దెయ్యాల కోటలో ప్రీస్ట్ ఉంటే ఒక తలుపు దగ్గర ఒక ఆత్మ ఆగి మాట్లాడనివ్వండి. ఎవరి డీపీఎస్సూ పెరగదు. అయినా ఆ రాత్రి ప్రీస్ట్ కావాలని ఎవరో ఒకరు అంటారు.

మార్పు చేసినప్పుడు కారణం రాయండి. రెండు వాక్యాలు చాలు. గొలుసు ముడి వల్ల ఎవరూ చావడం లేదు, దాన్ని తెంచడానికి వేరే దారి దొరకలేదు అని రాసి ఉంటే నేను బాధపడేవాణ్ణి, కానీ అర్థం చేసుకునేవాణ్ణి. అంకెల బృందం ఒక స్కిల్‌ని తీయబోయే ముందు కథ బృందం దగ్గరికి వెళ్లి 'ఇది తీస్తున్నాం, ఈ మనుషులకి ఏం జరిగిందని చెబుదాం?' అని ఒక్కసారి అడగాలి. నా క్లాస్ వాళ్లు గాయాలు మోసి మోసి విరిగిపోయారని చెప్పొచ్చు. ఆ వ్రతం వదిలేసుకున్నారని, ఇకమీదట అందరికీ కొంచెం కొంచెంగా పంచుతామని ప్రమాణం చేశారని చెప్పొచ్చు. అప్పుడు ఆ 12 శాతం ఆరాకే ఒక అర్థం వచ్చేది. నేనే అది గర్వంగా వేసుకుని తిరిగేవాణ్ణి.

ఈ మధ్య మా గిల్డ్‌లోకి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. నా క్లాసే తీసుకుంది. ఎందుకు తీసుకున్నావంటే, క్యారెక్టర్ ఎంచుకునే చోట ఉన్న ఆ వాక్యం నచ్చిందంది. పక్కవాడి గాయాన్ని తన ఒంటి మీదికి తీసుకునేవాళ్లు. స్కిల్ తీసేశారు గానీ వాక్యం అలాగే ఉంది. 'అన్నా, ఆ స్కిల్ ఏ లెవెల్‌లో వస్తుంది?' అని అడిగింది. నేను మాట మార్చేశాను. నలభైలో వస్తుందని తనే అనుకుంటోంది. వచ్చే ప్యాచ్‌లో ఆ వాక్యమైనా మార్చండి, లేదంటే దాన్ని నిజమైనా చేయండి. ఆ అమ్మాయి నిన్న రాత్రికి ముప్పై ఒకటో లెవెల్‌కి వచ్చింది.

ఇట్లు,
మీ లోకాల్లో తిరిగే ఒక హీలర్